వరస తిరిగే చోట

కర్నూలులో ఊలు అల్లే మనిషిని చూస్తే ఎవరైనా నవ్వుతారు. నవ్వడంలో తప్పు లేదు. ఏడాదిలో సగం రోజులు ఒంటి మీద రవిక కూడా బరువనిపించే ఊరు ఇది. అట్లాంటి ఊళ్ళో, శాఖా గ్రంథాలయం వెనక వరండాలో, ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు ఊలు టోపీ అల్లుతుంటే ఇంకొకరు గొంతెత్తి నవల చదువుతుంటే చూసేవాళ్ళకు వింతగానే ఉంటుంది. ఆ చదివే మనిషిని నేను. అల్లే మనిషి ఇప్పుడు రాజంపేటలో ఉంది. ఆమె ఎదురుగా ఆ వరండాలో ఇంకొక్క సాయంత్రం కూర్చుని చదవాలని నాకు ఉంది. ఈ వయసులో నాకున్న కోరిక అదే. శ్రీశైలం పోవాలని కూడా అంతగా లేదు.

మేమిద్దరం ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయాలుగా చేశాం. నాది పత్తికొండ దగ్గర పల్లె. పెళ్ళికి ముందు టమోటా కోత, పెళ్ళయినాక కూడా టమోటా కోత. మొగుడు పోయినాక కర్నూలు వచ్చి ఆసుపత్రిలో చేరాను. ఆమెది కడప పక్క. క్రైస్తవులు. వాళ్ళ అమ్మ బడి పక్కనే ఉన్న ఒక మిషన్ బంగళాలో వంట చేసేదట. ఈమె చిన్నప్పుడు ఆ బంగళా దొరసానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఊలు అల్లడం నేర్చుకుంది. చదువు మాత్రం నేర్చుకోలేదు.

"అంత బడి పక్కన పెట్టుకోని ఏంటికి నేర్చుకోల్యాక్కా?" అని ఒకసారి అడిగాను.

"బడి గంట కొట్టే టయానికి గిన్నెలు తోమే పని ఉండె" అంది. అంతే. దాని గురించి కూర్చుని ఏడ్చే మనిషి కాదు.

నాకంటే కొంచెం పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమె నన్ను "మే" అనేది. కోపమొస్తే "ఓ పత్తికొండామె" అనేది.

ఆసుపత్రి పని గురించి పూర్తిగా చెప్తే వినేవాళ్ళు అన్నం దగ్గర్నుంచి లేచిపోతారు, అందుకని కొంచెమే చెప్తాను. నేల తుడవడం, గుడ్డలు ఉడకబెట్టడం, నొప్పులు పడేవాళ్ళను బండి మీద లోపలికి తోయడం. లోపల తల్లి అరుపులు, బయట చుట్టాల అరుపులు. బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి, బయటికి తెచ్చి చూపించేది మేమే. ఆడబిడ్డ అనగానే మూతి ముడిచే ముసలమ్మలతో అక్క అక్కడికక్కడే తగువు పెట్టుకునేది. "నువ్వేమన్నా మగోనివై పుట్టినావా అవ్వా?" అనేది. సిస్టరమ్మ కళ్ళెర్రజేసినా వినేది కాదు.

పొద్దున డ్యూటీ దిగి ఇంటికి పోయాక కూడా చెవుల్లో అవే అరుపులు. చేతులు ఎంత రుద్దినా ఫినాయిల్ వాసన. నీళ్ళు పోసుకుని చాప మీద పడుకుంటే కాళ్ళు పడుకునేవి గానీ తల పడుకునేది కాదు, బండి తోస్తూనే ఉండేది. సాయంత్రం నాలుగు గంటలకు లైబ్రరీ తెరుస్తారు. ఆ నాలుగు ఎప్పుడవుతుందా అని గోడ మీది ఎండను చూస్తూ ఉండేదాన్ని.

నాకు అక్షరాలు నలభై దాటినాక వచ్చాయి. ఒక టీచరమ్మ ఆసుపత్రి వెనక షెడ్డులో ఆయాలకు, ఊడ్చేవాళ్ళకు పలకలు పంచి చదువు చెప్పేది. బస్టాండులో ప్రతిసారీ "ఈ బస్సు యాడికి పోతాదప్పా?" అని అడగడం నాకు ఇష్టం లేదు. ఒకడు చెప్తాడు, ఒకడు నవ్వుతాడు. అందుకే నేర్చుకున్నాను. అక్క కూడా ఆ షెడ్డుకు వచ్చేది, పలక ఒళ్ళో పెట్టుకుని దాని మీద ఊలుండ పెట్టుకుని అల్లుకునేది. టీచరమ్మ మందలిస్తే, "నా కండ్లు ఊలుకే సరిపోతాయి తల్లీ, ఆ యమ్మికి చెప్పు, అది మొండిది" అనేది. నేను మొండిదాన్నే. షెడ్డులో మొదలుపెట్టిన వాళ్ళలో చివరిదాకా నిలిచిన కొద్దిమందిలో నేనొకదాన్ని.

లైబ్రరీకి పొమ్మని టీచరమ్మే చెప్పింది. కార్డు తీసుకుని, వేలిముద్ర కాకుండా సంతకం చేసి, ఒక నవల పట్టుకుని పొడుగు బల్ల దగ్గర కూర్చున్నాను. చుట్టూ పేపర్లు చదివే మగవాళ్ళు. నేను చదవడం మొదలుపెట్టగానే పేపర్లన్నీ కిందికి దిగాయి.

"అమ్మా, మనసులో చదువుకోండి" అన్నాడు లైబ్రేరియన్ సారు.

"మనసులో నాకు రాదు సార్."

"పెదాలు మూసుకుని, కండ్లతో చదవాలమ్మా."

మూసుకున్నాను. కండ్లతో చూశాను. అక్షరాలన్నీ కనిపించాయి. ఒక్క మాటా రాలేదు.

"నోరు మూస్తే కత నిలబడిపోతాది సార్. తెరిస్తేనే నడుస్తాది."

మూలన కూర్చున్న ఒక పెద్దాయన పేపరు మడిచి, "సదవనీ సారూ ఆయమ్మను. ఈ పేపర్లో యాముంది, ఆ కతే ఇందాం" అన్నాడు. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు గానీ రూలు రూలే అన్నాడు. సైకిళ్ళు పెట్టే వెనక వరండా చూపించి, "అక్కడ ఎంత గట్టిగానైనా చదువుకోండి" అన్నాడు.

పెద్దయినాక అక్షరాలు నేర్చుకున్నవాళ్ళకు ఈ సంగతి తెలుస్తుంది. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళకు చెప్పినా తెలియదు. మాకు అక్షరం కంట్లోంచి తలలోకి నేరుగా పోదు. నోట్లోకి దిగి, చెవిలోకి ఎక్కి, అప్పుడు లోపలికి పోతుంది. ఆ దారి మూసేస్తే మేము మళ్ళీ వేలిముద్ర మనుషులమే.

అట్లా వరండాకు చేరాం. నేను ఒంటరిగా కూర్చుని గోడకు చదివి వినిపించడం బాగుండదని మరుసటి రోజు అక్కను తీసుకుపోయాను. ఆమె ఊలు సంచీ తెచ్చుకుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు, కర్నూలు అయినా సరే, తల కప్పాలని డాక్టరమ్మలు చెప్తారు. అందుకని వార్డుకు టోపీలు, మేజోళ్ళు అల్లి ఇచ్చేది. సైకిలు పెట్టడానికి వచ్చిన ఆ పేపరు పెద్దాయన ఆమె ఒళ్ళో ఊలు చూసి, "ఏమ్మా, కర్నూలును ఊటీ చేస్తాండారా?" అన్నాడు. "నీకూ ఒకటి అల్లుతాలేప్పా, నీ బట్టతలకు ఎండ తగలకుండా" అంది అక్క. ఆ తర్వాత ఆయన సైకిలు ముందు పక్కనే పెట్టుకునేవాడు.

నాకు చదవడం వచ్చింది గానీ ఎక్కడ ఆగాలో రాలేదు. చుక్కలు, కామాలు టీచరమ్మ చెప్పే ఉంటుంది. అక్షరాన్ని పట్టుకోవడానికే నా ప్రాణం చాలేది కాదు, ఇంక చుక్కలెవరు చూస్తారు? నా కంటికి అవి పుస్తకం మీద ఈగ పెట్టిన మచ్చల్లాగా ఉండేవి. ఊపిరి ఉన్నంతసేపు చదివేదాన్ని, ఊపిరి అయిపోయిన చోట పడిపోయేదాన్ని.

ఆ ఆగడం నాకు అక్క సూదులు నేర్పాయి. ఊలు అల్లేవాళ్ళను మీరు చూసి ఉంటే తెలుస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక వరస అల్లుతారు. అంతసేపూ రెండు సూదులు టిక్కు టిక్కుమంటూ ఉంటాయి. వరస అయిపోగానే అల్లికను వెనక్కి తిప్పి, ఈ చేతి సూదిని ఆ చేతికి మార్చుకుని, మళ్ళీ మొదలుపెడతారు. ఆ తిప్పేటప్పుడు చప్పుడు ఉండదు. అప్పుడు నేను ఆగి ఊపిరి తీసుకునేదాన్ని. సూదులు మొదలవగానే నేనూ మొదలు. ఇద్దరం అనుకుని చేసింది కాదు. కొన్నాళ్ళకు అట్లా కుదిరిపోయింది. ఒక బండికి కట్టిన ఎడ్ల మాదిరి.

దీనితో వచ్చిన చిక్కు ఏమిటంటే, రాసినాయన ఆగమన్న చోట మేము ఆగేవాళ్ళం కాదు, ఊలు ఆగమన్న చోట ఆగేవాళ్ళం. బావి కోసం తగువులాడుకునే అన్నదమ్ముల నవల ఒకటి చదువుతున్నాం. అందులో చిన్నవాడంటే అక్కకు ప్రాణం. ఆరోజు నేను, "చిన్నోడు బావిలో పడి చచ్చిపోయాడని" దాకా చదివాను. వరస అయిపోయింది. నేను ఆగాను. అక్క అల్లిక తిప్పలేదు. ముఖం చూస్తే కళ్ళ నిండా నీళ్ళు.

"అయ్యో, అయ్యో, ఎంత మంచి పిల్లోడు గదమే" అని చేతిలో ఉన్న టోపీతోనే కళ్ళు తుడుచుకుంది. ముక్కు కూడా తుడుచుకుంది. తర్వాత నిదానంగా సూది మార్చుకుంది. నేను మిగిలింది చదివాను: "ఊరంతా అనుకున్నారు గానీ వాడు మామిడితోటలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు."

ఊలుండ వచ్చి నా ముఖానికి తగిలింది.

"నీ నోట్లో మన్నుపడ! నా కన్నీళ్ళు ఎవరిస్తారే వాపసు?"

"నేనేం చేయాలక్కా, నీ వరస ఆడ అయిపాయ."

"ఇంకో రెండు మాటలు సదివి ఆగితే నీ సొమ్మేం పోయ్యా?"

నవ్వీ నవ్వీ మా ఇద్దరికీ కడుపు నొప్పి పట్టింది. లోపల్నుంచి సారు వచ్చి కిటికీలోంచి చూసి పోయాడు.

ఆమె ఏది అల్లుతుందో దాన్ని బట్టి నా చదువు ఉండేది. బిడ్డల మేజోళ్ళకు వరస పొట్టి, నాకు ఊపిరి హాయిగా ఆడేది. శాలువ అయితే వరస పొడుగు, ఆ చివరికి చేరేసరికి నాకు ఆయాసం వచ్చేది. కష్టమైన పుస్తకం తెచ్చిన రోజు ముందే చెప్పేదాన్ని. "అక్కా, ఇది పెద్ద పెద్ద మాటల పుస్తకం. ఈ పొద్దు సన్నది అల్లు." ఆమె శాలువ సంచీలో పెట్టి మేజోడు తీసేది. నా చదువుకు మేజోళ్ళు అల్లిన మనిషి ఆమె ఒక్కతే.

నాకూ అల్లడం నేర్పాలని చూసింది. నేను అల్లిన టోపీ చూసి, "ఇది బిడ్డకు కాదు, గుమ్మడికాయకు సరిపోతాది" అంది. నిజమే. నా చేతికి ఊలు రాలేదు. ప్లాస్టిక్ వైరు బుట్టలు మాత్రం గట్టిగా అల్లుతాను. వైరు మొండిది, నేనూ మొండిదాన్ని, మా ఇద్దరికీ పడింది. కానీ బుట్ట అల్లుతూ చదవలేను. నాకు అక్షరాల కింద వేలు ఉండాలి.

ఆ వరండాలో ఏం సుఖం ఉందని అడిగితే చెప్పడం కష్టం. వెనక గోడ దాటితే ఇంకో ఇంటి మరుగుదొడ్డి. ఫ్యాను లేదు. అయినా అక్కడ కూర్చున్న కాసేపటికి చెవుల్లో అరుపులు తగ్గేవి. సూదుల చప్పుడు, నా గొంతు, అంతే. ఇంటికి పోయి పడుకుంటే నిద్ర పట్టేది. వయసయిపోయిందని ఆసుపత్రిలో మమ్మల్ని మానుకోమన్నాక కూడా నాలుగు గంటలకు వరండాకు పోవడం మానలేదు. పని అలసట తీర్చుకోవడానికి మొదలుపెట్టింది, పని పోయినా ఉండిపోయింది.

తర్వాత అక్క మనవరాలికి నెలలు నిండాయి. రాజంపేటలో కూతురి ఇల్లు. కాన్పుకు తోడుగా రమ్మన్నారు. అన్ని కాన్పులు చూసిన మనిషి, సొంత మనవరాలి దగ్గర లేకపోతే ఎట్లా?

"నెల తిరక్కుండా వస్తా" అంది బస్సు ఎక్కుతూ.

"రాకపోతే?"

"రాకపోతే నీ నోరు కొంచెం రెస్టు తీసుకుంటాదిలే మే."

నెల తిరిగింది. ముని మనవడు పుట్టాడు. ఆమె రాలేదు. అక్కడే ఉండమని కూతురు పట్టుబట్టింది. మంచి కూతురే. తల్లిని దగ్గర ఉంచుకుంటానంటే నేను కాదనడానికి ఎవర్ని?

ఒకరోజు నాలుగు గంటలకు ఫోను మోగింది. "ఆ యమ్మి పెండ్లి అయిందా లేదా మే? మనము యాడ ఆపినాము?" అంది. మేము సగంలో వదిలేసిన నవల సంగతి. పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. ఫోను పెద్ద గొంతులో పెట్టి వరండా అరుగు మీద ఉంచి, చదవడం మొదలుపెట్టాను. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని అల్లడం మొదలుపెట్టింది. అంత దూరం నుంచి టిక్కు టిక్కుమని సూదులు వినిపించాయి. వరస తిరిగింది, ఆగాను. మొదలయింది, చదివాను. ఆరోజు ఇంటికి నడుస్తుంటే కర్నూలు రోడ్లు కూడా బాగున్నాయనిపించింది.

అట్లా కొన్నాళ్ళు బాగా జరిగింది. లైబ్రరీకి సెలవైన శుక్రవారం తప్ప రోజూ. మధ్యలో ఆమెకు జ్వరం వచ్చిందని కొన్ని రోజులు ఫోను లేదు. తగ్గినాక మళ్ళీ చేసింది. మళ్ళీ చదివాను. మళ్ళీ సూదులు. కానీ ఆ పేజీ అయ్యేసరికి నాకు ఆయాసం. మరుసటి రోజూ అంతే. కళ్ళు తిరిగాయి. నా గుండెకే ఏదో అయిందనుకుని పోయి చూపించుకున్నాను కూడా. గుండె బాగుందన్నారు.

"ఏం అల్లుతాండావక్కా?" అన్నాను ఒకరోజు.

"శాలువ."

"అంత పొడుగు వరసా?"

"పొడుగే."

ఎంత పొడుగు శాలువకైనా ఒక చివర ఉంటుంది. నేను పుస్తకం మూసి ఉత్తగా విన్నాను. సూదులే, అనుమానం లేదు. కానీ ఎక్కడా ఆగడం లేదు. ఇంకొకటి కూడా గమనించాను. ఊలు పట్టుకున్న సూదుల చప్పుడు మెత్తగా ఉంటుంది. ఇది ఇనుముకు ఇనుము తగిలే చప్పుడు. వరస లేదు. ఊలు లేదు.

నాకు మనసులో పెట్టుకోవడం రాదు. "అక్కా, నువ్వు అల్లడం ల్యా. ఉత్త సూదులు కొడతాండావు" అన్నాను.

చప్పుడు ఆగిపోయింది. ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత నాలుగు గంటలకు ఫోను రాలేదు. నేను చేస్తే కూతురు తీసేది. "అమ్మ పడుకుంది చిన్నమ్మా" అనేది ఒకరోజు. "అమ్మ చర్చికి పోయింది" అనేది ఇంకొకరోజు. నేను అట్లా అన్నది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ ఫోను లేని సాయంత్రాల్లో వరండాలో పుస్తకం తెరిస్తే నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. ఆమె పూర్తిగా పోయిందేమో అనిపించింది. మనిషి బతికి ఉండగానే పోవడం చావు కంటే కష్టం. చావుకైతే ఏడ్చి ఊరుకుంటాం.

లైబ్రరీకి ఇప్పుడు కొత్త మేడమ్ వచ్చింది. పుస్తకం ఊరు దాటించి తీసుకుపోతానంటే, "తెచ్చిస్తావు కదా పెద్దమ్మా" అంది. తెచ్చిస్తానన్నాను. వైరు బుట్టలో పుస్తకం, నీళ్ళ సీసా, కొన్ని వేరుశనగ ముద్దలు పెట్టుకుని పొద్దున్నే కడప బస్సు ఎక్కాను. కడపలో దిగి బోర్డు నేనే చదువుకుని రాజంపేట బస్సు ఎక్కాను. ఎవర్నీ అడగలేదు.

అక్క ఇంటి వెనక బండ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది. కుడి చెయ్యి కొంగు కింద ఉంది.

"ఎవరు రమ్మన్యారు నిన్ను?"

"ఎవరూ రమ్మనలా. బస్సుంది, వచ్చినా. చెయ్యి చూపీ."

"ఏముంది చూసేదానికి?"

"చూపీయక్కా."

కొంగు తీసింది. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, పిడికిలీ కాదు, అరచెయ్యీ కాదు. "జ్వరం వచ్చె. జ్వరం పాయ. ఏళ్ళు ఇట్ల బిగుసుకపాయ. ఎన్ని మాత్రలు మింగినా ఇంతే" అంది. ఎడమ చేత్తోనే రెండు సూదులు పట్టుకుని ఒకదానికొకటి తగిలిస్తూ వచ్చిందట ఇన్నాళ్ళూ. ఆ సూదులు పక్కనే బండ మీద ఉన్నాయి. ఊలు సంచీ కనిపించలేదు.

"నాకు చెప్తే ఏం పోయ్యా?"

"చెప్తే నువ్వు సదివేది నిలిపేస్తావు. చప్పుడు లేంది నీకు నోరు తిరగదు గదా."

నేను ఆ సూదులు చేతిలోకి తీసుకున్నాను. ఆమె, "నీ కోసరమేం కాదులే, పెద్ద ఇదయిపోగాక" అంది. "నా కోసరమే. ఈ ఇంట్లో అందరూ మంచోళ్ళే. యాళకు అన్నం, యాళకు మాత్ర. పని ఉంటే పలకరిస్తారు, లేదంటే ఎవరి ఫోను వాళ్ళది. నువ్వు నిలబెడితే నాలుగు గంటలకు నేనేం చేయాల చెప్పు? గోడ సూడాల్నా?"

"నేను యాడ సూస్తాండా గోడ కాకుండా?"

లోపల బిడ్డ ఏడ్చాడు, ఎవరో ఎత్తుకున్నారు. నేను ముద్దలు తీసి ఆమె ఎడమ చేతిలో పెట్టాను. తింటూ, "బెల్లం తక్కువాయ" అంది. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది.

పుస్తకం తీసి చదవబోయాను. సూదులు లేవు. ఒక్క ఊపున పోయి పోయి పేజీ కింద దగ్గు వచ్చి ఆగాను.

"సచ్చిపోతావమే. నిదానం" అంది అక్క. "మళ్ళ మొదులుపెట్టు. నేను ఆగు అంటే ఆగు."

మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. ఒక మాట ముగిసిందనిపించగానే "ఆగు" అనేది. ఆగి చూస్తే అక్కడ ఈగ మచ్చ ఉండేది. అన్నిసార్లూ కాదు, చాలాసార్లు. "ఈడ చుక్క ఉండాదక్కా" అన్నాను. "ఉండకేం. మనిషి మాట్లాడేటప్పుడు ఆగడా?" అంది. సాయంత్రం బస్సుకు టైమయ్యేదాకా అట్లా చదివాను. ఎండ బండ మీద నుంచి గోడ ఎక్కేసరికి నేనే చుక్కలు వెతుక్కోవడం మొదలుపెట్టాను, ఆమె "ఆగు" అనడం మానేసింది.

తిరిగి వచ్చేటప్పుడు సూదులు నాకిచ్చి పంపాలని చూసింది. నేను తీసుకోలేదు. వేళ్ళు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. తెరుచుకోకపోయినా సూదులు ఆమె దగ్గరే ఉండాలి.

ఇప్పుడు నాలుగు గంటలకు మళ్ళీ ఫోను వస్తుంది. నేను చదువుతాను. చుక్క దగ్గర ఆగుతాను, కామా దగ్గర కొంచెం ఆగుతాను, లోకమంతా ఆగే చోటే. అటు పక్క ఏ చప్పుడూ ఉండదు. మధ్యమధ్యలో "ఉండావా అక్కా?" అంటాను. "ఉండా, సదువు" అంటుంది. మొన్న ఒక అధ్యాయం అయిపోయినాక, "శానా బాగా సదువుతాండావు మే ఇప్పుడు. రేడియోలో మాదిరి" అంది.

సంతోషించాల్సిన మాట. నేను అక్షరాల మీది వేలు తీసేశాను. రేడియోలో మాదిరి చదవడానికా నేను ఆ వరండాకు పోయింది?

"ఏమ్మే, నిలబెట్నావు?"

"ఏం లేదు. గుక్క తిప్పుకుంటాండా."

"మళ్ళెప్పుడొస్తావు?"

"ఎండలు తగ్గినాక వస్తా."

"ఈ సీమలో ఎండలు ఎప్పుడు తగ్గినాయే? రాలేనని చెప్పరాదూ" అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"వస్తానక్కా. నిజంగా వస్తా. ఈ పుస్తకం అయిపోనీ."

"అయితే గబగబా సదువు" అంది.

కొత్త అధ్యాయం తీశాను. మొదటి మాట మీద వేలు పెట్టాను.